రిజల్ట్ ముందే తెలిసినా మిమ్మల్ని కుర్చీలోంచి లేపిన రెజ్లింగ్ మ్యాచ్ ఏది?

మంగళగిరి_మైకేల్స్:

పోయిన వారం జ్వరం తగిలి మూడు రోజులు మంచానికే అతుక్కుపోయాను. అక్క వాళ్ళబ్బాయి సెలవులకి మా ఇంట్లోనే ఉన్నాడు, పదకొండేళ్ళు, రెజ్లర్ రోమన్ రెయిన్స్ అంటే ప్రాణం. పొద్దస్తమానం ఫోన్లో ముప్పై సెకన్ల ముక్కలు చూస్తుంటే చిరాకేసి, "ఒరేయ్, అది పక్కన పడేసి ఇటు రా, మ్యాచ్ అంటే ఏంటో చూపిస్తా" అని రెజిల్‌మేనియా 25 పెట్టాను, డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ ఏటా పెట్టే పెద్ద షో. హ్యూస్టన్, 2009 ఏప్రిల్ 5. అండర్‌టేకర్, షాన్ మైకేల్స్.

చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం: షాన్ తెల్లబట్టల్లో వెలుగులోంచి కిందికి దిగుతాడు, అండర్‌టేకర్ నల్లకోటు వేసుకుని నేల కిందనుంచి పైకి లేస్తాడు. ఇంకా ఒక్క దెబ్బ పడలేదు, సగం కథ అక్కడే చెప్పేశారు. అప్పటికి రెజిల్‌మేనియాలో అండర్‌టేకర్ 16 ఆడి 16 గెలిచాడు. అరగంట మ్యాచ్. మధ్యలో అండర్‌టేకర్ పరిగెత్తుకొచ్చి తాళ్ళ మీదుగా బయటికి దూకితే షాన్ అక్కడున్న కెమెరామన్‌ని లాగి అడ్డం పెడతాడు, ఆ కెమెరామన్ సరిగ్గా పట్టుకోలేకపోయాడు, ఆరడుగుల పది అంగుళాల మనిషి తలకిందులుగా నేల మీద పడ్డాడు. ఆ పడటం మాత్రం ఎవరూ రాసిపెట్టింది కాదు. తర్వాత షాన్ రిఫరీని లాక్కొచ్చి లెక్కపెట్టు, లెక్కపెట్టు అంటాడు, పది అయ్యేలోపు లోపలికి రాకపోతే ఓడిపోయినట్టే కదా. అండర్‌టేకర్ తొమ్మిది దగ్గర దొర్లుకుంటూ లోపలికొస్తాడు. నేను ఏడు దగ్గరే దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాను.

ఇక టూంబ్‌స్టోన్, ఎదుటివాణ్ణి తలకిందులుగా పట్టుకుని నెత్తి నేలకేసి దించే అండర్‌టేకర్ దెబ్బ. అది పడ్డాక ఎదుటివాడు లేవడం ఉండదని మనకి చిన్నప్పట్నుంచీ నేర్పిపెట్టారు. పడింది. రిఫరీ మూడు లెక్కపెడితే అయిపోయినట్టే. ఒకటి, రెండు, షాన్ భుజం లేపేశాడు. అప్పుడు అండర్‌టేకర్ మొహం చూడాలి, తాళం వేసుకుని ఊరెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి తలుపులు బార్లా తీసి ఉంటే ఎలా చూస్తాడో అలా చూస్తాడు కెమెరా వైపు. నేను అరిచాను. గట్టిగా. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నుదురు పట్టుకుని చూసింది, జ్వరం ఎక్కువై కలవరిస్తున్నాననుకుని.

మా వాడు నన్ను వింతగా చూసి, "మామయ్యా, ఇదంతా ముందే రాసుకుంటారట కదా, పైగా నువ్విది ఇదివరకే చూశావు కదా, మరెందుకు అరిచావ్?" అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. అసలు విషయం ఏంటంటే మొదటిసారి చూసినప్పుడు కూడా నాకు రిజల్ట్ తెలుసు. బీటెక్ హాస్టల్‌లో ఉన్నా అప్పుడు, టీవీలో ఇంకా రాకముందే ఒక వెధవ నెట్ సెంటర్‌కి వెళ్ళి చూసొచ్చి, వాడికి మేం ఆవకాయ పెట్టలేదన్న కోపంతో మెస్‌లో నిలబడి "అండర్‌టేకరే గెలిచాడు పోండి" అని అందరికీ చెప్పేశాడు. అయినా టీవీ రూంలో నలభై మందిమి కూర్చున్నాం. షాన్ ఆ భుజం లేపిన దగ్గర పుట్టిన కేకకి గొడవ జరుగుతోందనుకుని వార్డెన్ కర్ర పట్టుకుని వచ్చాడు, వచ్చినవాడు గుమ్మం దగ్గరే నిలబడి చివరిదాకా చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. షాన్ వెనక్కి పల్టీ కొట్టి మీద పడే మూన్‌సాల్ట్ కొట్టబోతే అండర్‌టేకర్ గాల్లోనే పట్టేసి టూంబ్‌స్టోన్ వేసినప్పుడు ఆవకాయ వెధవ కూడా లేచి నిలబడ్డాడు, చూసొచ్చినవాడు!

కాబట్టి మీకూ అదే ప్రశ్న. గొప్ప మ్యాచ్‌ల లిస్టులు వద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మీరు ఎక్కడ కూర్చుని చూశారు, చూసి ఏం చేశారు, అది చెప్పండి. మా వాడికి తర్వాత ఏది చూపించాలో కూడా చెప్పండి. రక్తం మరీ ఎక్కువ ఉన్నవి వద్దు, అక్క చంపేస్తుంది.

డెడ్‌మ్యాన్_డైరీ:

చిన్న సవరణ బ్రో, ఆ కెమెరామన్ నిజం కెమెరామన్ కాదు. సిమ్ స్నూకా అనే రెజ్లర్, పట్టుకోవడానికే ఆ వేషంలో పెట్టారు. పట్టుకోలేకపోయాడు పాపం. ఇందులో తమాషా ఏంటంటే, అండర్‌టేకర్ రెజిల్‌మేనియాలో మొట్టమొదట 1991లో ఓడించింది ఎవర్ని? జిమ్మీ స్నూకాని. ఈ సిమ్ ఆయన కొడుకే. తండ్రితో మొదలైన లెక్క పద్దెనిమిదేళ్ళ తర్వాత కొడుకు చేతుల్లోంచి జారి ఆ రాత్రే అయిపోవాల్సింది. ఇలాంటిది ఏ రైటరూ రాయలేడు, రాసినా అతిగా ఉందని మనమే తిడతాం.

ఇంకోటి. ఆ రోజు ఆ తర్వాత ట్రిపుల్ హెచ్, ర్యాండీ ఆర్టన్ మెయిన్ ఈవెంట్ ఉంది. ఒక్క క్షణం కూడా గుర్తులేదు నాకు. జనం అప్పటికే ఖాళీ అయిపోయారు, పెళ్ళిలో భోజనాలయ్యాక పాటకచేరీ పెట్టినట్టు.

కార్డుల_కాలం:

నాది మీకంటే ముందు బ్యాచ్. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) కార్డులతో పెరిగినవాణ్ణి. ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఫైట్స్ ఫాట్, ఫైట్స్ వన్, ర్యాంక్. మా వీధిలో సగం మందికి ఇంగ్లీషు అంకెలు ఆ కార్డుల మీదే వచ్చాయి, ఇది అతిశయోక్తి కాదు, మా తమ్ముడికి "ఛెస్ట్" అన్న స్పెల్లింగ్ వచ్చాకే "చెయిర్" వచ్చింది. ర్యాంక్ ఒకటి కార్డు ఉన్నవాడే ఆ వారం వీధికి రాజు.

నన్ను కుర్చీలోంచి లేపింది కాదు, కుర్చీలో కదలకుండా చేసింది 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్, హెల్ ఇన్ ఎ సెల్, అంటే రింగు చుట్టూ పంజరం కట్టి ఆడే మ్యాచ్. అండర్‌టేకర్, మ్యాన్‌కైండ్ (అసలు పేరు మిక్ ఫోలీ). సీడీ షాపులో రోజుకి పది రూపాయల అద్దెకి తెచ్చుకున్నాం, అందులో అప్పటికే గీతలు, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. పదహారు అడుగుల పంజరం పైకప్పు మీద ఇద్దరూ నిలబడ్డారు. అండర్‌టేకర్ అతన్ని అక్కణ్ణుంచి తోసేశాడు, కింద కామెంటేటర్ల బల్ల ముక్కలైంది. సరిగ్గా అక్కడ సీడీ ఇరుక్కుపోయింది! నిజం చెప్తున్నా, ఓ పది నిమిషాలు సీడీ తీసి బనియన్‌తో తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, ఆ పది నిమిషాలూ మా దృష్టిలో ఆ మనిషి చచ్చిపోయాడు. మా పిన్ని కొడుకు ఏడవడం మొదలెట్టాడు కూడా.

మళ్ళీ ఆడింది. స్ట్రెచర్ మీదనుంచి లేచి, భుజం కీలు తప్పి ఉండగానే మళ్ళీ పైకి ఎక్కాడు. గొంతు పట్టి ఎత్తి పడేసే చోక్‌స్లామ్‌కి ఈసారి పైకప్పే ఊడిపోయి నేరుగా రింగులోకి పడ్డాడు, వెంట ఒక కుర్చీ కూడా పడి మొహానికి తగిలింది, పన్ను విరిగి ముక్కులో ఇరుక్కుంది. కప్పు అలా ఊడటం అనుకున్నది కాదని తర్వాత అందరూ చెప్పారు. కిందికి టెర్రీ ఫంక్ అనే ఇంకో రెజ్లర్ వచ్చి అండర్‌టేకర్‌తో నాలుగు దెబ్బలు తిన్నాడు గుర్తుందా, అతనికి షూస్ ఊడిపోయాయి, మేం నవ్వుకున్నాం. ఫోలీకి ఊపిరి తీసుకోవడానికి టైం ఇవ్వడం కోసం ఆయన ఆ దెబ్బలు తిన్నాడని పెద్దయ్యాక అర్థమైంది. అండర్‌టేకర్ కూడా పాదం ఎముక విరిగి ఉండగానే ఆడాడు ఆ రోజు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ మేనల్లుడికి ఇది చూపించొద్దు. నేనే ఇప్పుడు చూడలేకపోతున్నా. అప్పుడు పన్నెండేళ్ళ వయసులో నూటయాభై సార్లు చూసి ఉంటా, కేకలు పెట్టుకుంటూ. తర్వాత 1999 రాయల్ రంబుల్ షోలో ఇదే మనిషికి చేతులు వెనక్కి బేడీలు వేసి ది రాక్ అనే రెజ్లర్ కుర్చీతో తల మీద కొడుతూనే ఉంటే, ముందు వరుసలో కూర్చున్న అతని భార్యా పిల్లలు ఏడ్చిన వీడియో పెద్దయ్యాక చూశాను. నాకు అప్పటికి పాప పుట్టి మూడు నెలలు. ఆపేశాను. అది ముందే రాసుకున్న మ్యాచే, ఆ పిల్లలకి కూడా నాన్న ముందే చెప్పే ఉంటాడు, అయినా ఏడ్చారుగా.

ఖలీ_మనోడే:

అందరూ ఎమోషనల్ అయిపోతున్నారు, మధ్యలో నాది వినండి. 2006 మే, జడ్జ్‌మెంట్ డే అనే షో, ది గ్రేట్ ఖలీ అండర్‌టేకర్‌ని ఓడించాడు. ఛాతీ మీద కాలు పెట్టి నిలబడ్డాడు, రిఫరీ మూడు కొట్టాడు. మా తాతయ్యకి రెజ్లింగ్ ఏమీ తెలీదు, కానీ ఖలీ పంజాబ్ పోలీసులో పనిచేశాడని పేపర్లో చదివాడు, "మనవాడురా, పోలీసోడురా" అని కండువా తీసి ఊపాడు. నేను అండర్‌టేకర్ అభిమానిని. సంతోషపడాలో ఏడవాలో తెలీక తాతయ్య పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాను, కళ్ళలో నీళ్ళు. తాతయ్య నా కళ్ళు చూసి "చూడు, వీడికి దేశభక్తి ఎంతుందో" అని మా నాన్నకి చెప్పాడు. ఇప్పటికీ ఇంట్లో ఎవరికీ నిజం చెప్పలేదు.

మ్యాచ్ అంటారా, మ్యాచ్ దారుణం.

దుర్యోధనుడి_కొడుకు:

పేరు చూసి నవ్వకండి, నిజంగానే. మాది తెనాలి పక్కన పల్లె, మా నాన్న నలభై ఏళ్ళు తిరునాళ్ళలో, శివరాత్రి జాగారాల్లో దుర్యోధనుడి వేషం కట్టాడు. మంగళగిరి బాబు అడిగిన ప్రశ్న నేను చిన్నప్పుడు మా నాన్నని అడిగాను. "నువ్వు చచ్చిపోతావని అందరికీ తెలుసు కదా, రాత్రంతా మంచులో గోనెపట్టాలు కప్పుకుని ఎందుకు కూర్చుంటారు?" అని. ఆయన గెడ్డం గీసుకుంటున్నాడు, అద్దంలోంచే నన్ను చూసి, "చస్తానని తెలుసు. ఎలా చస్తానో ఏ రాత్రికారాత్రే" అన్నాడు.

కృష్ణ రాయబారం సీనులో సంధి కుదరదని తెలియని మనిషి ఆ మైదానంలో ఒక్కడు ఉండడు. అయినా పద్యం అయ్యాక ఈలలు, వన్స్ మోర్‌లు, రూపాయి నోట్లు గుచ్చిన దండలు. రెజ్లింగ్ నాకు అర్థమైంది ఆ దారిలోనే. "అది నాటకం కదా" అని ఎవరైనా ఎగతాళి చేస్తే నాకు కోపం రాదు, అవును నాటకమే, అయితే ఏంటంట? అసలు ఆ కంపెనీవాళ్ళే 1989లో అమెరికాలో న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది వినోదమే, నిజం పోటీ కాదు అని ఒప్పేసుకున్నారు, ఆటల కమిషన్ల రూల్సు, పన్నులు తప్పించుకోవడానికి. అంటే మనమంతా టీవీలో చూడటం మొదలెట్టకముందే గుట్టు రట్టయింది. ఎవరూ చూడటం మానలేదు.

నా మ్యాచ్: 2002 మార్చి 17, టొరంటో స్కైడోమ్, రాక్, హల్క్ హోగన్. హోగన్‌కి 48 ఏళ్ళు, మోకాళ్ళు సహకరించవు. రాక్‌కి ఇంకా ముప్పై నిండలేదు. కథలో హోగన్ దుర్మార్గుడు, మామూలు దుర్మార్గుడు కాదు, కొన్ని వారాల ముందు రాక్ ఉన్న అంబులెన్స్‌ని పెద్ద ట్రక్కుతో గుద్దాడు. రాసినవాళ్ళ లెక్క ప్రకారం 68 వేల మంది హోగన్‌ని తిట్టాలి. గంట మోగింది, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి అటూ ఇటూ జనం వైపు చూశారు. జనం మొత్తం హోగన్ వైపు ఉన్నారు! రాక్ కొడితే బూ అంటున్నారు, హోగన్ చొక్కా చింపుకోకముందే ఊగిపోతున్నారు.

ఇక్కడ నేను లేచి నిలబడ్డాను. ఎందుకంటే ఇది నేను చూసిందే, మా ఊళ్ళో. ఒక ఏడాది దుర్యోధనుడికి నాలుగు వన్స్ మోర్‌లు పడి, కృష్ణుడి వేషగాడికి ఒక్కటీ పడలేదు. ఆయన రోషం తెచ్చుకుని గొంతు పెంచుకుంటూ పోయాడు, నాటకం చెడింది. నాన్న అనేవాడు, జనం ఎదుటివాడి వైపు తిరిగినప్పుడు నువ్వు కొంచెం తగ్గాలి, తగ్గితే ఇద్దరికీ పేరు, లేకపోతే ఇద్దరికీ పోతుంది అని. రాక్ సరిగ్గా అదే చేశాడు. రింగులో, మ్యాచ్ నడుస్తుండగా, కొంచెం కొంచెంగా తానే పొగరుబోతులా మారిపోయాడు, హోగన్ బెల్టు తీసుకుని హోగన్‌నే కొట్టాడు. రాక్ బాటమ్ (రాక్ పేరుమోసిన దెబ్బ) పడ్డాక కూడా హోగన్ లేచి తల ఊపుతూ వేలు చూపించినప్పుడు ఆ శబ్దం వినండి, మా ఇంట్లో పాత టీవీ స్పీకర్ చిటపటమంది. చివరికి రాక్ గెలిచాడు, రాసినట్టే. కానీ మధ్యలో ఎవరు మంచి, ఎవరు చెడు అన్నది జనమే మార్చి రాసుకున్నారు.

2025 జూలైలో హోగన్ పోయాడని వార్త వచ్చినప్పుడు మళ్ళీ ఆ మ్యాచే పెట్టుకున్నాను. ఆ మనిషి బయట మాట్లాడిన మాటల వల్ల ఆయన మీద నాకు పెద్ద గౌరవం ఏమీ లేదు, అది వేరే సంగతి. పిల్లాడికి మాత్రం ఇది చూపించు బాబూ. రక్తం లేదు, అర్థం కాని దెబ్బ లేదు.

మంగళగిరి_మైకేల్స్:

అన్నా, దండం. "ఏ రాత్రికారాత్రే" అన్న మాట మా వాడికి చెప్పాను. అర్థమైనట్టు తలూపాడు, అర్థం కాలేదు.

డల్లాస్_బాబాయ్:

అందరూ తెలిసిన రిజల్ట్ గురించి చెప్తున్నారు, నేను దీనికి రివర్స్. తెలుసనుకుని వెళ్ళి దెబ్బతిన్నాను.

2014 ఏప్రిల్ 6, న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్, రెజిల్‌మేనియా 30. డల్లాస్ నుంచి ముగ్గురం ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాం, దారిలో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, దోసావకాయ. అండర్‌టేకర్ 21-0, ఎదురు బ్రాక్ లెస్నర్. ఆ మ్యాచ్ వచ్చినప్పుడు మాలో ఒకడు లేచి కూల్‌డ్రింక్స్ తేవడానికి వెళ్ళాడు, ఎందుకంటే ఇందులో టెన్షన్ ఏముంది, ఆయనే గెలుస్తాడు కదా. మ్యాచ్ కూడా నెమ్మదిగా, ఏదో తేడాగా నడుస్తోంది, అండర్‌టేకర్ కదలికల్లో పస లేదు. లెస్నర్ పేరుమోసిన దెబ్బ ఎఫ్-5, మూడోది పడింది. ఒకటి. రెండు. మూడు.

డెబ్భై అయిదు వేల మంది ఉన్నచోట నిశ్శబ్దం ఎప్పుడైనా విన్నారా? నేను విన్నాను. కొన్ని క్షణాలు పాట కూడా రాలేదు. నా ముందు వరుసలో ఒకాయన, భుజాల నిండా టాటూలు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. రిఫరీ పొరపాటు పడ్డాడని అనుకున్నాం అందరం, ఇప్పుడు మళ్ళీ మొదలెడతారు, ఇప్పుడు మళ్ళీ మొదలెడతారు అని చూస్తున్నాం, అంతలో పెద్ద స్క్రీన్ మీద 21-1 అని పడింది. ఆ అంకె చూశాక గానీ నమ్మలేదు. కూల్‌డ్రింక్స్ పట్టుకుని మావాడు వచ్చి "అయిపోయిందా? ఎన్ని టూంబ్‌స్టోన్లు వేశాడు?" అని అడిగితే ఎవరం జవాబు చెప్పలేదు.

తర్వాత తెలిసింది, ఆయనకి మ్యాచ్‌లోనే తలకి దెబ్బ తగిలి ఆ రాత్రి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారని, ఆ రోజు జరిగింది ఆయనకి గుర్తే లేదని. మేం అక్కడ కూర్చుని తిట్టుకుంటున్నాం, ఆ మనిషికి అసలు గుర్తే లేదు. అదే రాత్రి చివర్లో డేనియల్ బ్రయాన్ గెలిస్తే స్టేడియం మొత్తం ఎస్ ఎస్ అని చేతులు లేపింది, నేనూ లేపాను, కానీ సంతాప సభలో లడ్డూ తిన్నట్టు ఉంది నాకు.

ఆ స్ట్రీక్, అదే ఓటమి లేని ఆ వరస, తెంచడం తప్పని పదేళ్ళు వాదించాను. ఇప్పుడు అంత ఖచ్చితంగా అనను. 22-0, 23-0 అయి ఉంటే నేను అన్నిసార్లూ కూల్‌డ్రింక్స్ కోసమే లేచేవాణ్ణి. రెండేళ్ళ తర్వాత రెజిల్‌మేనియా మా ఆర్లింగ్‌టన్‌కే వచ్చింది, ఇంటి నుంచి అరగంట, వెళ్ళాను, షేన్ మెక్‌మాన్ పంజరం మీంచి దూకింది తప్ప ఒక్కటి గుర్తుంటే ఒట్టు.

డెడ్‌మ్యాన్_డైరీ:

బాబాయ్, ఒప్పుకోను. తెంచితే తెంచండి, కానీ ఓ కుర్రాడితో తెంపించాలి, వాడి జీవితం నిలబడేది. లెస్నర్‌కి అది అవసరమా? అప్పటికే అన్నీ గెలిచి ఉన్నాడు.

డల్లాస్_బాబాయ్:

అది నిజమే. ఆ మాట నేనూ అన్నాను, న్యూ ఓర్లీన్స్ నుంచి ఇంటిదాకా ఎనిమిది గంటలు అదే అన్నాను, కావాలంటే నా కార్లో ఉన్న ఇద్దర్నీ అడుగు.

బేలీ_జడ:

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఆడవాళ్ళ మ్యాచ్ చెప్పలేదు. ఆశ్చర్యపోలేదు లెండి. మా అన్నయ్యలిద్దరూ కూడా అంతే, చిన్నప్పుడు రిమోట్ వాళ్ళ చేతిలోనే, ఆడవాళ్ళ మ్యాచ్ రాగానే ఒకడు బాత్రూంకి, ఒకడు వంటింట్లోకి. తప్పు వాళ్ళదే అనలేను, కంపెనీ కూడా వాటిని అందుకే పెట్టినట్టు ఉండేది. 2015 ఫిబ్రవరిలో వారం వారం వచ్చే రా షోలో నలుగురు అమ్మాయిల ట్యాగ్ మ్యాచ్ (ఇద్దరిద్దరు జట్లుగా) అరనిమిషంలో ముగించేశారు, అరనిమిషం! టీ చల్లారే టైం కూడా కాదు. ఆ రాత్రే ట్విట్టర్‌లో జనం గోల మొదలైంది.

అదే ఏడాది ఆగస్టు 22న బ్రూక్లిన్‌లో ఎన్ఎక్స్‌టీ (డబ్ల్యూడబ్ల్యూఈలోనే కొత్తవాళ్ళ విభాగం) షో, సాషా బ్యాంక్స్, బేలీ. బేలీ అంటే పక్కకి కట్టిన పిలక, రంగురంగుల రిబ్బన్లు, రింగులోకి వస్తూ అందర్నీ కౌగిలించుకునే అమ్మాయి, ఎప్పుడూ చివర్లో ఓడిపోయే అమ్మాయి. చేతి ఎముక విరిగి అప్పుడే తిరిగొచ్చింది. సాషా ఏం చేసిందంటే ఆ చేతికున్న కట్టు పీకేసి, బేలీ తాడు కోసం చాచిన అదే చేతిని కాలితో తొక్కింది. నేను అప్పటికి పెళ్ళయి, అత్తగారింట్లో, అందరూ పడుకున్నాక చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నా. అరవడానికి లేదు. దిండు కొరికాను, నిజంగా. పై తాడు మీంచి బేలీ ఆమెని తలకిందులుగా తిప్పి పడేసిన దెబ్బకి మంచం ఊగినట్టుంది, మా ఆయన లేచి "భూకంపమా?" అన్నారు. బేలీ గెలిచాక తోటి రెజ్లర్లు బెకీ, షార్లట్ వచ్చారు, ఓడిన సాషాతో సహా నలుగురూ కౌగిలించుకుని నాలుగు వేళ్ళు పైకెత్తారు. అప్పుడు ఏడ్చాను, అదీ చప్పుడు లేకుండా.

అక్టోబర్‌లో ఇద్దరికీ అరగంట ఐరన్ మ్యాన్ మ్యాచ్ పెట్టారు, టైం అయ్యేలోపు ఎక్కువసార్లు ఓడించినవాళ్ళే గెలిచినట్టు, మెయిన్ ఈవెంట్‌గా. ముందు వరుసలో బేలీ లాగే రిబ్బన్లు కట్టుకున్న చిన్నపాప ఉంటే సాషా వెళ్ళి ఆ పాప తలకున్న బ్యాండ్ లాక్కుని ఆమెనే ఎగతాళి చేసింది, పాప వెక్కి వెక్కి ఏడ్చింది. నాటకమని తెలిసీ నాకు సాషాని కొట్టాలనిపించింది. దుర్యోధనుడి కొడుకు గారూ, మీ నాన్నగారి వేషానికి ఎప్పుడైనా ఎవరైనా చెప్పు విసిరారా?

దుర్యోధనుడి_కొడుకు:

ఒకసారి చెరుకు ముక్క విసిరారమ్మా. నాన్న దాన్ని కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

గచ్చిబౌలి_గేట్_నంబర్_2:

హైదరాబాద్ వాళ్ళెవరూ లేరా? 2023 సెప్టెంబర్ 8, గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియం. జాన్ సీనా ఇండియాలో మొదటిసారి రింగు ఎక్కిన రోజు. సీనా, సేత్ రాలిన్స్ ఒకవైపు, కైజర్, విన్చీ ఇంకోవైపు. ఎవరు గెలుస్తారో గేటు బయట పల్లీలు అమ్మేవాడికి కూడా తెలుసు. మ్యాచ్‌గా చూస్తే మామూలు మ్యాచే, అబద్ధం చెప్పను. కానీ సీనా వచ్చేటప్పటి ఆ బాకా పాట మొదలవగానే నా పక్కన సూటులో ఉన్న, యాభై దాటిన పెద్దమనిషి కుర్చీ ఎక్కి, సీనా లాగే మొహం ముందు అరచెయ్యి ఊపడం మొదలెట్టాడు. ఆయన కొడుకు సిగ్గుతో తల దించుకున్నాడు.

టీవీలో తెలియని విషయం ఒకటి అక్కడ తెలిసింది, చప్పుడు. చాప కింద పల్చటి స్పాంజి, దాని కింద చెక్కలు, ఇనుప దూలాలు, అంతే. మనిషి వీపు దానిమీద పడితే వచ్చే చప్పుడు మన పక్కటెముకల్లో వినిపిస్తుంది. అది విన్నాక "దెబ్బలు తగలవు" అనే మాట నా నోటివెంట రాలేదు. ఎవరు గెలవాలో రాసుకోవచ్చు, పడేటప్పుడు నేల మెత్తబడాలని రాసుకోలేరు కదా.

2025 డిసెంబర్‌లో సీనా చివరి మ్యాచ్, గుంథర్‌కి ట్యాప్ చేసి ఓడిపోయాడు. టీషర్టు మీద నెవర్ గివ్ అప్ అని రాసుకుని తిరిగిన మనిషి చెయ్యి కొట్టి ఒప్పేసుకున్నాడు. దాని మీద మావాళ్ళ గ్రూపులో రెండు రోజులు కొట్లాట, ముగ్గురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. దానికి వేరే పోస్టు పెట్టాలి.

కార్డుల_కాలం:

ఒక ప్రశ్న, చాలా రోజులుగా ఉంది. 2004 మార్చి, రెజిల్‌మేనియా 20, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్. చివర్లో కాగితం ముక్కల వానలో ఎడీ గెరెరో, క్రిస్ బెన్వా ఇద్దరూ బెల్టులు పట్టుకుని కౌగిలించుకుంటారు. ఆ రోజు మేం ఇంట్లో గంతులేశాం. ఏడాదిన్నరకి ఎడీ పోయాడు, 38 ఏళ్ళకే. 2007లో బెన్వా భార్యని, చిన్న కొడుకుని చంపి తనూ చచ్చాడు. ఎడీ కోసం ఆ రాత్రి చూడాలనిపిస్తుంది, పెట్టగానే ఆపేస్తాను. మీరు చూడగలుగుతున్నారా?

బేలీ_జడ:

లేదు. ఎడీ కోసమైతే దానికి నెల ముందుది చూడండి, 2004 ఫిబ్రవరి, లెస్నర్ మీద గెలిచింది. బెల్టు పట్టుకుని జనంలోకి దూకేస్తాడు. అందులో ఎడీ ఒక్కడే ఉంటాడు.

మంగళగిరి_మైకేల్స్:

అప్‌డేట్. మీ మాట వినకుండా, టొరంటో కంటే ముందు 2010ది పెట్టాను, రెజిల్‌మేనియా 26, అదే ఇద్దరు, ఈసారి షాన్ ఓడితే రిటైర్ అవ్వాలి. చివర్లో అండర్‌టేకర్ ఇక చాలు, లేవకు అన్నట్టు చూస్తే, షాన్ అతని ఒంటిమీదుగా పాకి లేచి, గొంతు కోసినట్టు సైగ చేసి చెంప మీద కొడతాడు కదా, అక్కడ మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అండర్‌టేకర్ గాల్లోకి ఎగిరి మరీ వేశాడు టూంబ్‌స్టోన్. మూడు అయ్యాక ఓ నిమిషం ఏం మాట్లాడలేదు. ముక్కు ఎగబీల్చుకుని, "ముందే రాసుకుంటారు కదా మామయ్యా, ఇంకోలా రాయొచ్చు కదా" అన్నాడు.

దీనికీ నా దగ్గర జవాబు లేదు.

తర్వాత వాడు సోఫా మీంచి దూకి దిండుకి టూంబ్‌స్టోన్ వేశాడు, దిండు చిరిగి ఇల్లంతా దూది, అమ్మ వెంటనే అక్కకి ఫోన్ చేసింది. అక్క నాతో మాట్లాడట్లేదు, బావ మాత్రం ఫోన్ తీసుకుని గుసగుసగా "ఆ రాక్, హోగన్ మ్యాచ్ ఎప్పుడు పెడుతున్నావ్, నేనూ వస్తా" అన్నాడు. ఆదివారం.

ఖలీ_మనోడే:

దిండ్లు ముందే లోపల పెట్టేయండి. అలాగే ఖలీది కూడా ఒకటి పెట్టండి, దేశభక్తి కోసం.